పికప్ బండి ఇంజను తెరపై ఏ అంకెలు చూడవలెను?

బోరుబావికి మోటారు పెట్టించుకొన్న ప్రతి రైతుకును స్టార్టరు పెట్టెపైనున్న రెండు ముళ్లు తెలియును. ఓల్టుల ముల్లు బాగుగా దిగినచో మోటారు కాలునని భయము. ఆంపియర్ల ముల్లు ఉన్నట్టుండి పడిపోయినచో బోరులో నీరు అడుగంటినదని గ్రహించి మోటారు ఆపుదుము. ఆ పెట్టెపై ఇరువది ముళ్లు బిగించి యుండినచో ఈ రెండింటిని కూడ ఎవరును చూచియుండరు. పంటను యార్డునకు చేర్చు పికప్ బండి విషయమున ఇప్పుడు జరుగుచున్నది ఇదియే.

ఇటీవలి బండ్లలో స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టు ఒకటి యుండును. దానిని ఓ.బి.డి. సాకెట్టు అందురు. అగ్గిపెట్టెయంత పరికరము నొకదానిని అందులో గ్రుచ్చినచో, ఇంజను కంప్యూటరు ఎరిగిన అంకెలన్నియు సెల్‌ఫోను తెరపైకి వచ్చును. అవి పదుల సంఖ్యలో యుండును. కుర్రవాండ్రు అన్నిటిని తెరపై పరచి మురిసిపోవుదురు. మేము మాత్రము రైతులకు ఒక ప్రశ్న వేసికొనుడని చెప్పుచున్నాము: ఈ అంకె పెరిగిన, లేక తగ్గిన, దారిలో నేను చేయవలసిన పని యేమి? జవాబు లేని అంకెను తెర నుండి తీసివేయవచ్చును. ఇట్లు వడపోయగా నాలుగు మిగులును.

మొదటిది ఇంజను నీటి వేడిమి. డాష్‌బోర్డుపై దీనికొక ముల్లు ఉన్నది గదా యని అడుగవచ్చును. పెక్కు బండ్లలో ఆ ముల్లు వేడిమి కొంత హెచ్చినను తగ్గినను నడిమధ్యనే నిలుచునట్లు అమర్చబడి యుండును. అది కదలునప్పటికి కాలాతీతమగును. అంకె అట్లు కాదు. సాధారణముగా 80 నుండి 95 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య యుండును. బరువుతో ఘాటు ఎక్కునపుడు కొంత పెరుగుట సహజము. రేడియేటరు మూత నీటిని ఒత్తిడిలో ఉంచును గనుక 100 డిగ్రీలు దాటినను నీరు వెంటనే మరుగదు. అయినను 105 వద్ద హెచ్చరిక గంట మ్రోగునట్లు పెట్టుకొనుట మంచిది. గంట మ్రోగినపుడు ఏ.సి. ఆపి, చిన్న గేరులోనికి దించి, యాక్సిలరేటరు తగ్గించవలెను. అప్పటికిని తగ్గనిచో నీడను ఆపి ఇంజనును నెమ్మదిగా తిరుగనీయవలెను. ఆవిరి కనిపించినచో, లేక నీరు కారుచున్నచో, ఇంజను వెంటనే ఆపవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను ఎంతమాత్రమును విప్పరాదు. ముఖము కాలును.

పల్లె బండ్లలో ఈ వేడిమికి సామాన్యమైన కారణములు రెండు. కళ్లములో ఎగిరిన పొట్టు, ఊక, రేడియేటరు సందులలో చేరి గాలిని అడ్డును. నూర్పిళ్లు కాగానే ఇంజను వైపు నుండి బయటకు, రేకులు వంగని సన్నని ధారతో కడుగవలెను. రెండవది బోరు నీరు. మన ప్రాంతముల బోరు నీటిలో సున్నము ఎక్కువ. కుండలో కట్టు తెల్లని పొక్కే ఇంజనులోను కట్టును. కూలెంటు గాని, బ్యాటరీకి పోయు డిస్టిల్డు నీరు కలిపిన కూలెంటు గాని పోయవలెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. కొంతకాలము క్రిందట విత్తనపు బస్తాలతో శృంగవరపుకోట నుండి అనంతగిరి ఘాటు మీదుగా అరకు పోవు పికప్పులో నేనును కూర్చుంటిని. తెరపై అంకె 98 నుండి దిగుచు 70కి వచ్చినది. "ఘాటులో కూడ చల్లబడుచున్నదండీ" యని డ్రైవరు సంతోషించెను. నేనును తలయూపితిని. రెండు మలుపులు తిరుగకముందే ఇంజను పట్టివేసెను. క్రింది గొట్టము చిట్లి నీరంతయు కారిపోయినది. వేడిని కొలుచు సెన్సారు నీటిలో మునిగి యుండవలెను. నీరు లేనపుడు అది ఖాళీ గాలిని కొలిచి మనలను మోసపుచ్చును. హెడ్డు వంగినది. మరమ్మతుకైన ఖర్చు ఆ రైతుకు పంట మీద మిగులు సొమ్మును మించినది. కావున బరువుతో ఎక్కునపుడు అంకె ఉన్నట్టుండి పడిపోయినను బండి ఆపి చూడవలెను.

రెండవ అంకె మసి ఫిల్టరులో చేరిన మసి. వెనుకటి డ్రైవర్లు పొగగొట్టము చూచి ఇంజను ఆరోగ్యము చెప్పెడివారు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినవి. ఈ డీజిలు బండ్లలో మసిని ఫిల్టరు పట్టి ఉంచును గనుక ఇంజను చెడుగా మండుచున్నను గొట్టము శుభ్రముగానే కనిపించును. మసి అంకెయే ఇప్పుడు మనకు పొగ వంటిది. అన్ని పరికరములును దీనిని చూపవు. కొనుటకు ముందే మీ బండిపై పెట్టించి చూచుకొనుడు. పొలమునకు ఇంటికి నడుమ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో ఇది త్వరగా పెరుగును. వారమునకొకసారి అరగంట సేపు పెద్దరోడ్డుపై ఆపకుండ ఒకే తీరున నడిపినచో ఫిల్టరు వేడెక్కి మసి కాలిపోవును. అది కాలుచుండగా ఇంజను ఆపరాదు. ఆ సమయమున గొట్టము లోపల వేడిమి 500 డిగ్రీలు దాటును. అట్టి బండిని ఎండుగడ్డిపై గాని, వరిగడ్డి వామి ప్రక్కన గాని నిలుపరాదు. వామియు బండియు రెండును పోవును.

మూడవది టర్బో పీడనము. తాళము మాత్రము త్రిప్పి ఇంజను నడుపకుండ చూచినచో సముద్రతీరమున సుమారు 100, అరకు వంటి ఎత్తున 90 దరిదాపున కిలోపాస్కళ్లు చూపును. అది బయటి గాలి పీడనమే. దానిని తీసివేయగా మిగిలినది టర్బో ఇచ్చినది. అదే బరువుతో, అదే ఎత్తుపై మునుపటికంటె తక్కువ చూపినచో గాలి ఫిల్టరులో దుమ్ము పట్టినదో, గొట్టము బిగువు వదలినదో చూడవలెను.

నాలుగవది బ్యాటరీ ఓల్టులు. ఆపియుంచి చూచినపుడు 12.6 ఉన్నచో నిండుగా నున్నది. ఇంజను నడుచునపుడు సుమారు 13.8 నుండి 14.5 వరకు ఉండవలెను. అంతకు బాగుగా తగ్గినచో ఆల్టర్నేటరును చూపింపుడు. కొన్ని కొత్త బండ్లు డీజిలు పొదుపునకై తామే కొంతసేపు తగ్గించును. దానికి భయపడ నక్కరలేదు.

ఇంజను చుట్లు, వేగము డాష్‌బోర్డుపై ఎట్లును కలవు. నూనె ఒత్తిడి అంకె ఈ సాకెట్టు ద్వారా సాధారణముగా రాదు. దానికి ఎర్రదీపమే గతి. అది వెలిగినచో ఆలోచింపక ఇంజను ఆపవలెను.

పరికరము పెట్టిన మొదటి పది దినములు ఒక నోటు పుస్తకములో ఖాళీగా ఎంత, బరువుతో ఎంత, ఎండలో ఎంత యని వ్రాసికొనవలెను. రైతు సంఘముల బండ్లను పర్యవేక్షించు గ్రామోద్యోగులు లాగుపుస్తకములో ఇందుకొక గడి గీయించిన బాగుండును. ప్రక్కన కూర్చున్నవారు అంకెలు చూడవచ్చును. నడుపువాడు గంట మాత్రమే వినవలెను.

ఈ తెర చూపనిది ఇంకొకటి కలదు. మదనపల్లె నుండి టమాటా నింపుకొని భాకరాపేట ఘాటు దిగునపుడు వేడెక్కునది బ్రేకులు. ఇంజను అంకెలన్నియు చక్కగా నుండగనే బ్రేకులు పట్టు విడువవచ్చును. దిగుటకు ముందే చిన్న గేరు వేయవలెను. బండి నాలుగైదు దినములు కదలదని తెలిసినపుడు ఆ పరికరమును సాకెట్టు నుండి ఊడదీయుడు. లేనిచో అది బ్యాటరీని కొద్దికొద్దిగా పీల్చివేయును.