సర్కారు వారి ఖాళీ కాగితం

ఉద్యోగం చేసినన్నాళ్లూ అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఆఫీసుల్లో మొదట టైపు మిషన్ ముందు, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రేచీకటితో మొదలైన జబ్బు రిటైరయ్యేనాటికి చూపంతా తీసుకుపోయింది. ఇప్పుడు అంబాజీపేట దగ్గర పల్లెలో ఉంటూ తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ పెట్టుకుని నా పనులు, నాలాంటి మరి నలుగురి పనులు చక్కబెడుతుంటాను. ఆఫీసు బల్లకి ఇవతలా అవతలా కూర్చున్నవాణ్ణి. ప్రభుత్వ వెబ్‌సైట్లు తయారుచేసే కుర్రాళ్లకీ, చేయించే అధికారులకీ చెప్పవలసినవి కొన్ని ఉన్నాయండి.

1. వెబ్‌సైటే ఇప్పుడు కౌంటరు.

ఒకప్పుడు ధ్రువపత్రం కావాలంటే పంటు మీద గోదారి దాటి, బస్సెక్కి, రాజోలో కొత్తపేటో వెళ్లి గుమాస్తాను బతిమాలేవాళ్లం. కళ్లులేనివాడైనా నోరుంటే పని జరిగేది. ఇప్పుడు పింఛను వివరాలు, ఆదాయ ధ్రువీకరణ, అడంగలు అన్నీ ఆన్‌లైనే. 2019 అక్టోబరు 2న మన పక్కనే కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. ఆ పద్ధతి మాకు కొంత నయమే. ప్రశ్న, జవాబు వరసగా వస్తాయి కాబట్టి స్క్రీన్ రీడర్ తడబడదు.

వెబ్‌సైటు చదవలేకపోతున్నామంటే మాత్రం అందరి దగ్గరా ఒకటే సమాధానం: ‘సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉన్నాడు కదండీ, చేసిపెడతాడు.’ చేస్తాడు, మంచి కుర్రాడే. కానీ నా ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ, జబ్బు వివరం పదిమంది నిలబడ్డ చోట పైకి చెప్పాలి. చూపున్నవాడు ఇంట్లో గుట్టుగా చేసుకునే పనిని నేను వీధిలో చెప్పి చేయించుకోవాలా? సాయం ఉండాలి, కాదనను. వెబ్‌సైటు బాగుచేయకుండా తప్పించుకోవడానికి ఆ సాయాన్ని అడ్డుపెట్టుకోకూడదు.

2. టైపు చేసిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టకండి.

అన్నిటికన్నా పెద్ద జబ్బు ఇదే. ఆర్డరును కంప్యూటర్లో శుభ్రంగా టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. అధికారి సంతకం, ముద్ర పడ్డాక స్కాన్ చేసి, ఆ పీడీఎఫ్ సైటులో ఎక్కిస్తారు. పేజీ వంకరగా ఉన్నా మీరు తల వంచి చదువుకుంటారు. నా కంప్యూటర్‌కి మాత్రం అందులో ఒక్క అక్షరం కనబడదు. ‘ఎమ్టీ డాక్యుమెంట్’ అని ఊరుకుంటుంది. మూడు పేజీల ఉత్తర్వు నా దగ్గరికొచ్చేసరికి ఖాళీ కాగితం అన్నమాట. బొమ్మలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ ఉంది కదా అంటారు. ఉంది. తెలుగు ఒత్తులు, గుణింతాల దగ్గర తికమకపడుతుంది, పట్టికలో అంకెలు ఒక గడివి ఇంకో గడిలో చదువుతుంది. లబ్ధిదారుల జాబితాలో అంకె మారితే ఇంకేముంది!

సంతకం కోసమే ఈ తంతంతా అంటారా? డిజిటల్ సంతకానికి చట్టబద్ధత 2000 నాటి ఐటీ చట్టంతోనే వచ్చింది. అది కుదరని చోట స్కాన్ కాపీ పక్కనే టైపు చేసిన కాపీ కూడా పెట్టండి.

దీనికి తోడు ఫాంటు గొడవ. మా ఆఫీసుల్లో చాలాకాలం అను ఫాంట్లదే రాజ్యం. తెర మీద ‘అమలాపురం’ అని ముత్యాల్లా కనబడుతుంది గానీ అడుగున ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులూను. స్క్రీన్ రీడర్ చేత చదివిస్తే భూతవైద్యుడి మంత్రంలా ఉంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికింది 1991లో. విండోస్ ఎక్స్‌పీతో 2001లోనే తెలుగు ఫాంటు కంప్యూటర్లోకి వచ్చింది, దాని పేరు కూడా మన గోదారి పాయదే, గౌతమి! ఇన్నేళ్ల తర్వాత కూడా పాత ఫాంటులో ప్రకటన విడుదల చేస్తుంటే ఏమనాలి? పేజీ భాష తెలుగని కోడులో రాయడం కూడా మరవకండి. అది లేకపోతే నా ఫోను తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి చతికిలపడుతుంది.

3. వరద కబురు అక్షరాల్లో పంపండి.

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. కోనసీమలో పుట్టినవాడికి ఈ అంకెలు నోటికి వచ్చు. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటి లంకలు మునిగాయి. ఆ రోజుల్లో నాకొచ్చిన వరద సమాచారంలో చాలా భాగం వాట్సాప్‌లో ఫొటోలే. తెరిస్తే ఫోను ‘ఫొటో’ అంది, అంతే. నీరెంత వచ్చిందో, ఏ రేవు కట్టేశారో, పునరావాసం ఏ బడిలోనో తెలుసుకోవడానికి పక్కింటివాళ్లని కేకేయాల్సి వచ్చింది.

ఊళ్లో మైకు పెట్టి చెప్పింది మాకు కొంతైనా అందింది. చెవులు వినబడనివాళ్ల సంగతేమిటి? వాళ్లకి మైకు పనికిరాదు, ‘ఫలానా నంబరుకి ఫోన్ చేయండి’ అన్నమాటా పనికిరాదు. అదే రెండు వాక్యాలు టైపు చేసి పంపితే వాళ్లు చదువుకుంటారు, నా ఫోను నాకు చదివి వినిపిస్తుంది. ఫొటో తయారుచేయడం కన్నా తక్కువ పనే అది.

4. ఫారం నింపేవాడి చేతులు ఎలా ఉన్నాయో ఆలోచించండి.

వికలాంగుడంటే కళ్లులేనివాడొక్కడే కాదు. మా ఊళ్లో ఒకతను దింపు కార్మికుడు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. నడుం కింద పట్టులేదు, చేతులు వణుకుతాయి. ఫోను ఒళ్లో పెట్టుకుని ఒక్క బొటనవేలితో నొక్కుతాడు. పక్కపక్కనే ఇరికించిన ‘సబ్‌మిట్’, ‘రీసెట్’ బటన్లలో ఏది పడుతుందో దైవాధీనం. రీసెట్ పడితే కథ మొదటికొస్తుంది. ఆధార్‌కి జతచేసిన నంబరు భార్యది. ఆవిడ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఓటీపీ అక్కడికి వెళ్లి, ఆవిడ చూసి, ఇక్కడికి పంపేలోపు గడువు దాటిపోతుంది. గడువు తీరేముందు చెప్పి, పొడిగించుకునే వీలివ్వాలన్న మాట వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండటానికి పెట్టిన 2008 నాటి అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.0లోనే ఉంది. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని 2023లో వచ్చిన 2.2 చెబుతోంది.

నా సంగతికొస్తే ఫారంలో గడికి పేరుండదు. ‘ఎడిట్, బ్లాంక్’ అంటుంది. పేరు రాయాలా, ఊరు రాయాలా? పుట్టినతేదీ టైపు చేయనివ్వకుండా క్యాలెండరు పెడతారు. నా వయసువాడు అందులో నెలకొక నొక్కు చొప్పున వెనక్కి వెళ్లాలంటే తెల్లారుతుంది. తప్పు చేస్తే ఆ గడి ఎర్రబడుతుందట. ఎరుపు నాకెలా తెలిసేదండీ?

5. చక్రాల కుర్చీ బొమ్మ అతికిస్తే సరిపోదు.

సైటు పైన అక్షరాలు పెంచి తగ్గించే ఏ ప్లస్, ఏ మైనస్ బటన్లు, మూల నీలంరంగు చక్రాల కుర్చీ బొమ్మ. అడుగున ఫారం మాత్రం మామూలే. కాంట్రాక్టరు బిల్లు పాసు చేయించుకోవడానికి పనికొచ్చాయేమో గానీ, నాకు దేనికీ అక్కరకు రాలేదు.

6. బిల్లు చెల్లించేముందు మౌసు పీకేయండి.

ట్యాబ్, ఎంటర్ మీటలతోనే దరఖాస్తు మొదటినుంచి రసీదు దాకా పూర్తి చేయగలిగితే సగం గండం గడిచినట్టు. ఆపైన ఎన్‌వీడీఏ పెట్టి, తెర ఆపేసి వినండి. ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు అది, పైసా ఖర్చులేదు. ఆ తర్వాత అమలాపురంలో ఎవరైనా అంధుణ్ణి, బధిరుణ్ణి పిలిచి, కూలి ఇచ్చి వాడించండి. ఈ పరీక్ష నెగ్గితేనే ఆఖరి వాయిదా అని టెండరులోనే రాయండి.

సైటు కట్టేశాక సరిదిద్దడానికి అయ్యే ఖర్చు చూసి భయపడేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు తాను చదవలేకపోతున్నానని బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు ఫిర్యాదు చేస్తే, సరిచేయడం భారమనీ, చాలాకాలం పడుతుందనీ నిర్వాహకులు వాదించారు. అక్కడి మానవహక్కుల కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు. చివరికి 2000లో ఆయనకి 20 వేల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇమ్మంది.

7. ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు, చట్టం.

2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. 2017 నిబంధనల్లో 15వది ప్రభుత్వ వెబ్‌సైట్లకి ప్రమాణాలు పెట్టింది. కానీ అవి సిఫారసుల్లా మిగిలిపోయాయి. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదిక ముందుంచుకుని, 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 15(1) నిబంధనను కొట్టేసి, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలు తెమ్మని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో అడుగు వేసింది. యాసిడ్ దాడిలో కళ్లు పోయినవాళ్లని కెమెరా ముందు రెప్పలు కొట్టమంటే ఎలా? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, ఆన్‌లైన్లో మనిషి గుర్తింపు నిర్ధారించే ఈకేవైసీ పద్ధతులు మార్చమంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షను కింద మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేలనుంచి 5 లక్షల దాకా జరిమానా.

చట్టం తనంతట తాను నడిచి అమలాపురం రాదు. ఇక నాలాంటివాళ్లకి ఒక మాట: ఈసారి సైటు మొరాయిస్తే తిట్టుకుని ఊరుకోకండి. ఏ పేజీ, ఏ తేదీ, స్క్రీన్ రీడర్ ఏమంది, ఏ పని ఆగిపోయింది అన్న నాలుగు ముక్కలూ తెలుగులో రాసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. పని జరక్కపోతే నకలు వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి పంపండి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.