ఆన్‌లైన్ ఆటలు: పరిశ్రమకు అండ, పందేనికి అడ్డుకట్ట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నవారు ఈ వరుసను పట్టుకోవాలి. రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడ అని సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. అది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసు: ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ. 2016లో తెలంగాణ యానిమేషన్, గేమింగ్ పరిశ్రమ కోసం ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. మరుసటి ఏడాదే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఇందులో వైరుధ్యం లేదు. ఆటను తయారుచేయడం ఉపాధి, పందెం కుటుంబాలను ముంచే అప్పుల ఊబి. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టానిదీ ఇదే దారి. ఈ-స్పోర్ట్స్‌కు ప్రోత్సాహం, డబ్బు ఆటలు నిర్వహిస్తే 3 ఏళ్ల వరకు జైలు, లేదా కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆడినవారికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు.