మాయా శశిరేఖ

అందరికీ తెలిసిన ఒక రచనను గాని, పాత్రను గాని అనుకరిస్తూ నవ్వు పుట్టించడాన్ని పేరడీ అంటారు. మన కవిత్వంలో ఈ ప్రక్రియకు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పెట్టింది పేరు. పాటలోను, అభినయంలోను పేరడీ ఎట్లా పండుతుందో చూడాలంటే 1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రంలోని మాయా శశిరేఖను తలచుకోవాలి.

ఈ చిత్రానికీ రాయలసీమకూ దగ్గరి సంబంధముంది. నిర్మాతలలో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో జన్మించారు. దర్శకుడు కె.వి. రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. కథ మాత్రం వ్యాసభారతంలోనిది కాదు. జానపదుల కల్పనలోను, నాటకరంగంపైన పెరిగి వెండితెరకెక్కింది.

పాండవులు రాజ్యం కోల్పోగానే బలరాముడు మనసు మార్చుకొని, అభిమన్యుని ప్రేమించిన శశిరేఖను దుర్యోధనుని కుమారుడు లక్ష్మణకుమారునికి ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఘటోత్కచుడు ఆమెను తన ఆశ్రమానికి చేర్చి, తానే శశిరేఖ రూపంలో అంతఃపురంలో ప్రవేశిస్తాడు. అప్పుడు వస్తుంది పెళ్ళికూతురి పాట. పింగళి నాగేంద్రరావు రచించిన ఈ పాటను పి. సుశీల, ఘంటసాల పాడారు. కోమలమైన స్త్రీ కంఠం నడుమ హఠాత్తుగా పురుష కంఠం పలుకుతుంది. తెరమీద సావిత్రి సిగ్గుపడుతూనే ఎస్.వి. రంగారావు ఠీవిని, నడకను, కనుబొమల విరుపును చూపుతుంది. అంతవరకు మనం చూచిన సుకుమారి శశిరేఖ కూడా ఆమెయే గదా!

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఒకప్పుడు మన రంగస్థలంపై స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. హాస్యం కోసం ఆడవేషం వేస్తే నవ్వంతా ఆడవారి మీదికే పోయే ప్రమాదం ఉండేది. తాడిపత్రిలోనే పుట్టిన బళ్ళారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో ప్రారంభించిన సురభి నాటక సమాజం కుటుంబ స్త్రీలనే వేదిక ఎక్కించింది. ఆనాటి సమాజంలో అది సామాన్యమైన సాహసం కాదు. ఆ కుటుంబాల వారు 'మాయాబజార్' నాటకాన్ని కూడా తరతరాలుగా ప్రదర్శిస్తున్నారు.

మాయా శశిరేఖలో పాత పద్ధతి తలక్రిందులయింది. ఆడవేషం వేసిన మగవానిని ఇక్కడ ఒక స్త్రీ నటించి చూపింది. అందుచేత మనం నవ్వేది శశిరేఖను చూచి కాదు. నాజూకు వేషంలో ఇమడలేని ఘటోత్కచుని చూచి నవ్వుతాము. పిల్ల మనసు అడగకుండా పెళ్ళి కుదిర్చిన పెద్దలను, ఐశ్వర్యాన్ని చూచి మురిసిన వారిని చూచి నవ్వుతాము. నా దృష్టిలో ఈ పాట గొప్పదనం అందులోనే ఉంది.

పెళ్ళిపీటల దగ్గర రేలంగి ధరించిన లక్ష్మణకుమారుడు దర్పంగా నిలుస్తాడు. తలవంచుకొన్న వధువు పాదం మెల్లగా జరిగి వరుని పాదాన్ని తొక్కుతుంది. వరుడు కెవ్వున అరుస్తాడు. వధువు మాత్రం ఏమీ ఎరుగనట్లు మళ్ళీ సిగ్గుపడుతుంది.