ఫైల్ ఉంది, కానీ లేదంటోంది

"అన్నా, ఫైల్ ఉన్నది. ఎల్‌ఎస్ కొడితే కనిపిస్తున్నది. నడుపుదమంటే లేదంటున్నది."

ఫోన్లో మా చిన్నాయన కొడుకు. వాడు కరణ్‌కోటలో, నేను హాస్టల్లో. వాడి ముందు టీవీకి తగిలించిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు. అప్పటికి గురువారం రాత్రి పదకొండు. సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ.

తాండూరు వైపు తెలియనివాళ్లకు ఒక్క మాట. కరణ్‌కోట అనగానే సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. మా ప్రాంతమంతా బండల గనులు, పాలిషింగ్ యూనిట్లు. బండ పాలిష్ చేస్తున్నంతసేపూ నీళ్లు పడుతూనే ఉండాలి. పోయిన ఎండాకాలం చిన్నాయన యూనిట్‌లో సంపు ఎండిపోయింది, ఎవరూ చూడలేదు, మోటర్ ఉత్తగా తిరిగి కాలిపోయింది. నా ప్రాజెక్ట్ అక్కడ పుట్టింది. సంపులో సెన్సర్, నీళ్లు తగ్గితే రిలే పడి మోటర్ ఆగాలి. "ఈసారి కూడా కాలితే నీ డబ్బాతోనే నీళ్లు తోడుకుంట" అని చిన్నాయన ముందే చెప్పాడు. (డబ్బా అంటే నిజంగా డబ్బానే. దుమ్ము పడకుండా బోర్డును టిఫిన్ డబ్బాలో పెట్టాం.)

కమాండ్లు ఇక్కడ ఫోన్లో చెప్పినట్టే రాస్తున్నా. మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

మొదట వచ్చింది "పర్మిషన్ డినైడ్". అది తేలికే. నేను పంపిన ప్రోగ్రామ్‌ను వాడు పెన్‌డ్రైవ్‌లోంచే నేరుగా నడపబోయాడు. ఫ్యాట్ ఫార్మాట్‌లో లినక్స్ అనుమతులు దాచుకునే చోటే ఉండదు. అక్కడ సీహెచ్‌మాడ్ కొట్టినా లాభం లేదు. హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయించి, అప్పుడు సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ కొట్టించా.

ఆ తర్వాత వచ్చింది "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". వాడు పేరు మూడుసార్లు అక్షరం అక్షరం చదివి వినిపించాడు. తప్పు లేదు. ఇక్కడే నేను గంట పోగొట్టుకున్నా. కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త ఆగి చూద్దాం.

మనం కంపైల్ చేసిన ప్రోగ్రామ్ సాధారణంగా ఒంటరిగా నడవదు. దానికి కావాల్సిన లైబ్రరీలను తెచ్చి కలిపే ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్ని లోడర్ అంటారు. ఆ లోడర్ ఎక్కడుందో మన ఫైల్ లోపలే రాసి ఉంటుంది. కెర్నల్ మన ఫైల్ తెరుస్తుంది, ఆ అడ్రస్ చదువుతుంది, వెళ్లి లోడర్‌ను వెతుకుతుంది. అది దొరక్కపోతే "ఫైల్ లేదు" అని షెల్‌కు చెప్తుంది. ఏ ఫైల్ లేదో మాత్రం చెప్పదు. షెల్ ఏమో మనం కొట్టిన పేరు పక్కనే ఆ మాట తగిలిస్తుంది. లేనిది లోడర్, నింద మన ప్రోగ్రామ్ మీద. (బ్యాష్ 5.2 నుంచి "కావాల్సిన ఫైల్ దొరకలేదు" అనే అర్థంలో కొంచెం మెరుగ్గా చెప్తోంది. మా బోర్డులో ఉన్నది అంతకన్నా పాతది.)

నా ల్యాప్‌టాప్‌లో "ఫైల్" కమాండ్ కొట్టి చూశా. ప్రోగ్రామ్ 64 బిట్‌ది, అడుగుతున్నది ఆర్చ్ 64 లోడర్. తమ్ముడితో బోర్డులో లిబ్ ఫోల్డర్ చూపించమన్నా. అక్కడున్నది 32 బిట్ లోడర్ ఒక్కటే.

మరి నేను 64 బిట్‌కు ఎందుకు కంపైల్ చేశానంటే, బోర్డునే అడిగి చేశా! యూనేమ్ మైనస్ ఎం కొట్టిస్తే "ఆర్చ్ 64" అని వచ్చింది. అది అబద్ధం కాదు, సగం నిజం. 2023లో వచ్చిన అప్‌డేట్ల తర్వాత పై 4లో 32 బిట్ ఓఎస్ ఉన్నా కెర్నల్ మాత్రం 64 బిట్‌ది లోడ్ అవుతోంది. యూనేమ్ చెప్పేది కెర్నల్ సంగతి. లైబ్రరీలు, లోడర్ అన్నీ 32 బిట్‌వే. అది తెలియాలంటే గెట్‌కాన్ఫ్ లాంగ్ అండర్‌స్కోర్ బిట్ కొట్టాలి (ఆ రెండు మాటలూ పెద్దక్షరాల్లో). మాకు 32 అని వచ్చింది. కెర్నల్ కూడా 32 బిట్‌దే అయ్యుంటే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వచ్చేది, నాకు ఐదు నిమిషాల్లో అర్థమయ్యేది. 64 బిట్ కెర్నల్ నా ప్రోగ్రామ్‌ను గుర్తుపట్టి లోపలికి రానిచ్చింది కాబట్టే అసలు తప్పు దాగిపోయింది.

సరే, 32 బిట్ కంపైలర్‌తో మళ్లీ కట్టి పంపా. ఈసారి "జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్". నా ఉబుంటు 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35, బోర్డులోని డెబియన్ 11లో ఉన్నది 2.31. కొత్త దాని మీద కట్టింది పాత దాని మీద నడవదు. పాత దాని మీద కట్టింది మాత్రం కొత్త దాని మీద మామూలుగా నడుస్తుంది.

"అన్నా, నిద్రొస్తున్నదే."

అప్పుడు చేసిన పని మొదటే చేయాల్సింది. రెండొందల లైన్ల సీ కోడ్ పంపి, బోర్డు మీదే జీసీసీ కొట్టించా. కొన్ని సెకన్లలో అయిపోయింది, నడిచింది. క్రాస్ కంపైల్ చేశానని రివ్యూలో గొప్పగా చెప్పుకుందామనుకున్నా, అంతే. పెద్ద ప్రోగ్రామ్ అయితే వేరే సంగతి. ఇంత చిన్నదానికి ఆ తిప్పలు అక్కర్లేదు.

శనివారం ఇంకొకటి. చేత్తో నడిపితే నడుస్తోంది, కరెంట్ పోయి వస్తే క్రాన్ నుంచి మొదలవట్లేదు. స్క్రీన్ ఉండదు కాబట్టి ఎర్రర్ కనిపించదు. అవుట్‌పుట్‌ను లాగ్ ఫైల్‌లోకి మళ్లిస్తే మళ్లీ అదే మాట, "నో సచ్ ఫైల్". ఈసారి మాత్రం అక్షరాలా నిజం. సంపు లెవెల్ హద్దు రాసిన సెట్టింగ్స్ ఫైల్‌ను ఉత్త పేరుతో తెరిచా. క్రాన్ పనిని హోమ్ ఫోల్డర్‌లో మొదలుపెడుతుంది, మా ఫైల్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉంది. పూర్తి పాత్ ఇచ్చాం.

ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి సెన్సర్‌ను పైకి లాగాడు. రిలే టక్కుమనడం నాకూ వినబడింది. వెంటనే వెనక నుంచి చిన్నాయన కేక.

"అరే, మోటర్ ఎవడు బంద్ చేసిండ్రా?"