ఇరుకు ఎక్కడుందో ముందు చూడండి

ప్రశ్న: తార్నాకలో ఓయూ విద్యార్థుల కోసం స్టడీ హాల్ నడుపుతున్నాను. ఎవరైనా పెద్ద వీడియో అప్‌లోడ్ పెడితే ఆఫీసు ఐపీ ఫోన్‌లో మాట తెగిపోతోంది. స్విచ్‌లో క్యూఓఎస్ (ఏ ప్యాకెట్లు ముందు వెళ్లాలో ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు) ఆన్ చేసినా అంతే. ఏం చేయాలండీ?

జవాబు: గిగాబిట్ స్విచ్ లోపల మీకు రద్దీ దాదాపు ఉండదు. రద్దీ లేనిచోట ప్రాధాన్యంతో పనేముంది? ఇరుకంతా రౌటర్ నుంచి బయటికెళ్లే దారిలో ఉంది. అప్‌లోడ్ అసలు వేగం కొలిచి, రౌటర్‌లో పరిమితిని అందులో 90 శాతం దగ్గర పెట్టండి. అప్పుడు క్యూ మీ రౌటర్‌లోనే ఏర్పడుతుంది, ఎవరు ముందు వెళ్లాలో మీరే నిర్ణయించొచ్చు.

ఫోన్ మాటల ప్యాకెట్లకు సాధారణంగా డీఎస్‌సీపీ 46 గుర్తు ఉంటుంది. రౌటర్‌లో దానికే మొదటి వరుస ఇవ్వండి. కొన్ని స్విచ్‌లు క్యూఓఎస్ ఆన్ చేయగానే, ‘ట్రస్ట్’ (వచ్చిన గుర్తును నమ్మమనే సెట్టింగ్) పెట్టని పోర్టుల్లో ఆ గుర్తును సున్నా చేసేస్తాయి. మీ దగ్గర ఇదీ జరిగి ఉండొచ్చు. ఫోన్ పోర్టుకు ట్రస్ట్ పెట్టండి, విద్యార్థుల పోర్టులకు మాత్రం వద్దు. ఏ కుర్రాడో తన గేమ్‌కీ 46 తగిలిస్తాడు!

జీ.711 కోడెక్‌తో నడిచే ఫోన్ కాల్‌కు ఒక్కో వైపు పట్టేది సుమారు 90 కేబీపీఎస్. దానికి పెద్దపీట వేస్తే అప్‌లోడ్ చేసేవాళ్లకు తేడా కూడా తెలియదు.