బాలింత బుట్ట

ప్రసవము స్త్రీకి పునర్జన్మ అని పెద్దలు చెప్పుదురు. బిడ్డ పుట్టిన దినముననే తల్లియు మరల పుట్టినదని దీని భావము. అందుచేతనే తెలుగువారు బాలింతను చూడబోవునప్పుడు వట్టి చేతులతో పోరు. అయితే ఏమి తీసికొనిపోవలెను? ఎంత ఖర్చు చేయవలెను? కొద్ది ఆదాయము గల ఇల్లు అప్పు చేయకయే ఈ మర్యాదను ఎట్లు నిలుపుకొనగలదు? సుంగై పెటాని పట్టణమునందును, చుట్టుపట్ల తోటలయందును నివసించు తెలుగు కుటుంబములను దృష్టియందుంచుకొని ఈ పాఠము వ్రాయబడినది.

తోటలో పుట్టిల్లు

నేటి శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతముల నుండి మన పూర్వులు ఓడలెక్కి మలయాకు వచ్చిరి. ఒప్పంద కూలీల చేరిక 1910లో నిలిచిపోయినది. కంగాణీల మూలముగా 1938 వరకు జనము వచ్చుచునే యుండిరి. పినాంగు రేవునకు చేరి, పులావ్ జెరెజాక్ దీవిలోని క్వారంటైను శిబిరమున దినములు గడిపి, కెడా రాష్ట్రపు రబ్బరు తోటలకు వచ్చినవారును వారిలో కలరు.

స్వదేశమున మొదటి కాన్పునకు కూతురు పుట్టింటికి పోవును. తల్లి పథ్యము వండును, నూనె రాచి స్నానము చేయించును, బిడ్డను ఒడిలో పెట్టుకొనును. అత్తవారింటికి తిరిగి పంపునప్పుడు సారె పెట్టును. తోటకు వచ్చిన స్త్రీకి ఆ పుట్టిల్లు సముద్రమునకు ఆవల ఉండిపోయినది. కావున లైను ఇండ్ల ఇరుగుపొరుగువారే పుట్టింటివారైరి. ఒక ఇంటి నుండి శొంఠి, మరియొక ఇంటి నుండి బెల్లము, వేరొక ఇంటి నుండి నాలుగు కోడిగ్రుడ్లు, ఇంకొక ముసలమ్మ నుండి ఉతికిన పాత చీర వచ్చెడివి. ఎవరి సొమ్మును పెద్దది కాదు. అన్నియు ఒక గంపలో చేరినప్పుడు మాత్రము అది సారె అయ్యెడిది.

నేటి స్థితి

తోటలు అనేకము విడిపోయినవి. లైను ఇండ్లు ఖాళీ అయినవి. కుటుంబములు పట్టణపు తామానులకును అంతస్తుల ఇండ్లకును తరలినవి. పక్క తలుపు వెనుక ఎవరున్నారో తెలియని ఇండ్లయందు నేటి బాలింత పది దినములు గడుపుచున్నది. భర్త పనికి పోవును. పెద్ద బిడ్డను బడికి పంపువారుండరు.

అట్టి ఇంటికి మెరిసెడి కాగితము చుట్టిన పెద్ద బుట్టలు రెండు మూడు వచ్చును. వాటిలో తీపి పానీయముల డబ్బాలు, బిస్కత్తులు, రంగు బొమ్మలు ఉండును. బుట్ట అందమైనదే. కాని ఆ మధ్యాహ్నము అన్నము వండువారెవరు? పైగా అట్టి బుట్ట కొనలేని బంధువు సిగ్గుపడి చూడరాకయే మానివేయును. బుట్ట పెద్దదగుట చేత మనుష్యులు దూరమగుచున్నారు. చిన్న బుట్టను నేర్చుకొనుట నేడు అవసరమగుటకు ఇదియే కారణము.

బుట్టలో ఉంచవలసినవి

మొదటిది ఆహారము. పాలిచ్చు తల్లికి బలము కావలెను. రాగిపిండి ఒక కిలో, కందిపప్పు ఒక కిలో, పది కోడిగ్రుడ్లు, ఖర్జూరములు, కొంచెము నువ్వులు చాలును. పెరటిలో మునగ చెట్టు ఉన్నచో ఆకు కోసి శుభ్రపరచి తీసికొనిపోవచ్చును. దానికి వెల లేదు. మాంసాహారులైనచో చేపను వండి ఇయ్యవచ్చును. కోతకాన్పు అయిన తల్లికి మలయ్ వారు హారువాన్ చేప పులుసు పెట్టుదురు. ఆ హారువాన్ తెలుగువారి కొర్రమీనే.

రెండవది కాయము. ఒక వాడుక కొలత ఇది: శొంఠి 100 గ్రాములు, వాము 50 గ్రాములు, మిరియాలు 25 గ్రాములు, పిప్పళ్ళు 25 గ్రాములు, బెల్లము 250 గ్రాములు. దినుసులను దోరగా వేయించి, దంచి, జల్లించవలెను. బెల్లమును కొద్ది నీటిలో కరిగించి వడకట్టి, పొడి కలిపి, నువ్వుల నూనె పోయుచు సన్నని మంటపై ముద్దయగువరకు కలియబెట్టవలెను. చల్లారిన పిదప పొడి సీసాలో ఉంచవలెను. ఉదయమున చిన్న ఉసిరికాయంత ఉండ తినుట వాడుక. మధుమేహము గాని రక్తపుపోటు గాని ఉన్న తల్లి, మందులు వాడుచున్న తల్లి, ముందుగా నర్సును అడిగి తినవలెను.

మూడవది నూనె. ఒళ్ళు రాయుటకు నువ్వుల నూనె చిన్న సీసా ఒకటి. కోతకాన్పు అయినచో గాయము మానువరకు పొట్టకు నూనె రాయరాదు. నడికట్టు కట్టుటకును వైద్యుల అనుమతి కావలెను.

నాలుగవది వస్త్రము. పాత నూలు చీరను మెత్తని తుండ్లుగా చించి, వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరవేసి మడత పెట్టవలెను. క్రొత్త బట్ట కంటె ఇది శిశువు చర్మమునకు సుఖము. ఒక చిన్న చొక్కా మాత్రము క్రొత్తది ఉండిన చాలును.

ఐదవది శుభద్రవ్యము. పసుపు, కుంకుమ, ఒక రవికె గుడ్డ, రెండు అరటిపండ్లు. భర్త లేని తల్లికి ఇచ్చు బుట్టలో పసుపు కుంకుమల విషయమున సందేహము కలిగినచో పండ్లును వస్త్రమును నిండుగా ఇయ్యవలెను. బుట్టనే మానరాదు. ఆడపిల్ల పుట్టిన ఇంటికి పోవు బుట్ట బరువు తగ్గరాదు.

ఖర్చు లెక్క

పది ఇండ్లవారు ఇంటికి ఐదు రింగిట్ల చొప్పున వేసికొనినచో యాభై రింగిట్లు చేరును. అందులో సగము, అనగా ఇరువదియైదు రింగిట్లు, ఆహారమునకు కేటాయింపవలెను. పదునైదు రింగిట్లు కాయపు దినుసులకును నూనెకును, మిగిలిన పది రింగిట్లు చిన్న చొక్కాకును శుభద్రవ్యములకును సరిపెట్టవలెను. ధరలు మారుచుండును. కావున మొత్తమును కాక ఈ పంపకమును గుర్తుంచుకొనవలెను: సగము తల్లి కడుపునకు, మిగిలినది తక్కిన వాటికి. బుట్టకై వేరుగా ధనము వెచ్చింప పనిలేదు. ఇంటనున్న వెదురు తట్టయో, శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్టో చాలును. బకెట్టు తరువాత బిడ్డ బట్టలు ఉతుకుటకు పనికివచ్చును.

డబ్బు ఇయ్యలేని ఇల్లు పనిని ఇయ్యవచ్చును. కాయము దంచుట, పాత చీర ఉతుకుట, ఒక పూట అన్నము వండి పంపుట, పెద్ద బిడ్డను వారము దినములు బడికి తీసికొనిపోవుట, ఇవన్నియు బుట్టలోనివే.

ఉంచరానివి

తేనె ఇయ్యరాదు. ఏడాది నిండని శిశువునకు నాకించిన తేనె వలన ప్రాణాపాయమగు విషరోగము కలుగవచ్చును. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయు ఆచారమును ఇకనైనను విడువవలెను.

బట్టల పెట్టెలో వేయు నాఫ్తలీను ఉండలను, వాటితో దాచిన బట్టలను ఇయ్యరాదు. కొందరు శిశువులకు పుట్టుకతోనే జీ6పీడీ అను పదార్థము రక్తమున కొరవడియుండును. ఆ ఉండల వాసనకు వారి రక్తకణములు చితికి, పచ్చకామెర్లు తీవ్రమై, మెదడునకు హాని కలుగవచ్చును. మలేషియా ఆసుపత్రులలో పుట్టిన శిశువులకు ఈ పరీక్ష చేయుదురు. ఫలితము తెలియని ఇంటికిని నాఫ్తలీను తగలని బట్టలనే పంపవలెను. ఎన్నో ఏండ్లు పెట్టెలో దాచిన బట్టను ఆప్యాయతతో తెచ్చువారు ఈ మాటను మరువరాదు.

తల్లి అడుగనిదే పాలపొడి డబ్బా ఇయ్యరాదు. మొదటి ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. డబ్బా ఎదురుగా ఉన్నచో, అలసిన తల్లి తన పాలు చాలవేమోనని అధైర్యపడును. పాలివ్వలేని తల్లిని నిందించుటయు తగదు. ఆమె అడిగినచో అదియే తగిన బహుమానము. కాటుక, ఘాటైన వాసన గల పౌడరు, కర్పూరపు లేపనములు కూడ శిశువునకు వలదు.

దాహము వేసిన బాలింతకు నీరు ఇయ్యరాదను మాట కొన్ని ఇండ్లలో నేటికిని వినబడును. అది తప్పు. పాలిచ్చు తల్లి కావలసినంత నీరు త్రాగవలెను. ఆసుపత్రివారు ఇచ్చిన ఇనుము మాత్రలను మానరాదు.

ఎప్పుడు, ఎట్లు ఇయ్యవలెను

పురుడు వెళ్ళువరకు ఇంటిలోనికి పోరాదని పాటించు కుటుంబములు కలవు. పదునొకండవ దినముననో, ఇరువదియొకటవ దినముననో బారసాల జరుగును. అంతవరకు బుట్టను ఆపినచో ఆకలి ఆగదు. వాకిట నిలిచి బుట్ట అందించి రావచ్చును. దగ్గు, జలుబు ఉన్నవారు శిశువును సమీపింపరాదు. చేతులు కడుగుకొననివారు ఎత్తుకొనరాదు. పావుగంట కంటె ఎక్కువసేపు కూర్చుండుట తల్లికి భారము. లేచునప్పుడు ఎంగిలి గిన్నెలు కడిగి వచ్చువారే మంచి చుట్టములు.

1955 నాటి ఉద్యోగ చట్టము పని చేయు తల్లికి 60 దినముల ప్రసూతి సెలవును ఇచ్చినది. 2023 జనవరి 1 నుండి అది 98 దినములైనది. సెలవు పెరిగినది, మంచిదే. కాని ఆ దినములలో తోడు నిలుచు చేతులను చట్టము ఇయ్యజాలదు. మలయ్ పొరుగువారు 44 దినములు బాలింతను కాపాడుదురు. చీనావారు నెల దినములు అల్లము, నువ్వుల నూనె కలిపిన వంటలు పెట్టుదురు. శొంఠి తిను మన బాలింతకును వారికిని భేదము స్వల్పము. పక్కింటి మలయ్, చీనా తల్లులకును ఒక చిన్న బుట్ట పంపుట తోటలో నేర్చిన మర్యాదకు కొనసాగింపు.

కడపటి మాట ఒకటి కలదు. ఒక్కొక్కప్పుడు బిడ్డ దక్కదు. అప్పుడు చుట్టములు ఏమి చెప్పవలెనో తెలియక ఆ ఇంటికి పోవుట మానుదురు. కాని బిడ్డ లేకున్నను ఆమె బాలింతయే. ఆమె నడుము నొచ్చును, పాలు చేపును, శరీరమునకు అదే పథ్యము కావలెను. ఆ ఇంటికి చిన్న చొక్కాయు కుంకుమయు లేని బుట్ట పోవలెను. అందులో రాగిపిండి, కాయము, నూనె, మెత్తని వస్త్రము ఉండవలెను. ఇచ్చువారు ఏమియు మాటాడనక్కరలేదు. పుట్టిల్లు అనగా ఆ దినమున వచ్చునదియే.

మలయ్ భాషలో ఈ దినుసులు

అంగడిలో అడుగుటకు వీలుగా:
శొంఠి – హాలియా కెరింగ్
మిరియాలు – లాడా హితామ్
జీలకర్ర – జింతాన్ పుతిహ్
మెంతులు – హల్బా
వెల్లుల్లి – బావాంగ్ పుతిహ్
పసుపు – కున్యిత్
నువ్వులు – బీజాన్

అభ్యాసము

1. తోటలలో ఇరుగుపొరుగువారు పుట్టింటివారు ఎట్లైరి?
2. యాభై రింగిట్లను బుట్టకై ఎట్లు పంచవలెను? ముప్పది రింగిట్లే ఉన్నచో ఆహారమునకు ఎంత వచ్చును?
3. నాఫ్తలీను ఉండలతో దాచిన బట్టలను ఏల ఇయ్యరాదు?
4. మీ ఇంటి పెద్దలను అడిగి, వారి కాలమున కాయము ఎట్లు చేసిరో తెలుగులో పది వాక్యములు వ్రాయుడు.