ఒకే కంప్యూటరులో పలు కార్డులు: కొనుటకు ముందు మూడు లెక్కలు

జీవనోపాధికై నగరానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలలో పలువురు వాడిన డెస్క్‌టాప్ కంప్యూటరును కొని, దానితోనే డి.టి.పి. పనిని గాని, పిల్లల చదువును గాని నడుపుకొంటున్నారు. కొత్త యంత్రం కొనలేనప్పుడు ఉన్నదానికే గ్రాఫిక్స్ కార్డు, వైఫై కార్డు, అదనపు యు.ఎస్.బి. కార్డు వంటివి చేర్చుకోవడం మేలైన మార్గం. అయితే ఖాళీ స్లాటు కనబడినంత మాత్రాన కార్డు పనిచేస్తుందని తలచరాదు. స్థలం, దారి, విద్యుత్తు అనే మూడు లెక్కలు కుదిరిన తరువాతనే డబ్బు చెల్లించాలి.

1. స్థలం

ఏటీఎక్స్ క్యాబినెట్‌లో సాధారణంగా ఏడు కార్డులకు, మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్‌లో నాలుగింటికి చోటుంటుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకే స్లాటులో కూర్చున్నా, దాని ఫ్యాను పక్క స్లాటును కప్పివేస్తుంది. కనుక మొదట దాని స్థానాన్ని నిర్ణయించి, మిగిలిన స్లాట్లను లెక్కించాలి. కార్యాలయాలలో వాడి అమ్మిన సన్నని క్యాబినెట్లలో సగం ఎత్తు కార్డులు మాత్రమే పడతాయి.

2. దారి

నేటి కార్డులు పిసిఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లలో అమరుతాయి. సమాచారం నడిచే దారులను లేన్లు అంటారు. స్లాటు పొడవును బట్టి 1, 4, 8, 16 లేన్ల రకాలున్నాయి. చిన్న కార్డును పెద్ద స్లాటులో ఉంచినా పనిచేస్తుంది. కాని పొడవుగా కనిపించే రెండవ స్లాటుకు లోపల నాలుగు లేన్లే ఉండవచ్చు. కొన్ని మదర్‌బోర్డులలో ఎం.2 డిస్కును పెట్టగానే ఒక స్లాటు పనిచేయడం మానివేస్తుంది. ఈ వివరాలు మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఉంటాయి. మోడల్ సంఖ్యతో తయారీదారు వెబ్‌సైటులోనూ లభిస్తాయి. పాత పిసిఐ కార్డులు ఈ స్లాట్లలో పట్టవు.

3. విద్యుత్తు

గ్రాఫిక్స్ కార్డుకు స్లాటు ద్వారా గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. ఆపై కావలసినది ఎస్‌ఎంపిఎస్ నుంచి ప్రత్యేక కేబులు ద్వారా రావాలి. ఆరు పిన్నుల కేబులు 75 వాట్లను, ఎనిమిది పిన్నులది 150 వాట్లను ఇస్తుంది. ఉదాహరణకు ప్రాసెసరుకు 65, గ్రాఫిక్స్ కార్డుకు 120, తక్కినవాటికి 60 అనుకుంటే మొత్తం 245 వాట్లు. దీనికి నాణ్యమైన 400 వాట్ల ఎస్‌ఎంపిఎస్ ఉంటే నిశ్చింత. తగిన కేబులు లేదని చవక కన్వర్టరు తగిలిస్తే తీగ వేడెక్కి కాలిపోయే ప్రమాదముంది.

ఎర్తింగ్

పాత అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నా ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. క్యాబినెట్‌ను తాకినప్పుడు చేయి జివ్వుమంటే ముందుగా ఇంటి యజమానికి తెలిపి, ఎలక్ట్రీషియనుతో సరిచేయించాలి. ఎస్‌ఎంపిఎస్ పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

అమర్చే క్రమం

ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులో భద్రపరచాలి. కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటనును కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. స్థిర విద్యుత్తు కార్డును పాడుచేయకుండా క్యాబినెట్ లోహభాగాన్ని చేతితో తాకాలి. వెనుక రేకును తొలగించి, కార్డును అంచులతో పట్టుకొని, రెండు చివరలా సమంగా నొక్కి స్క్రూ బిగించాలి. గ్రాఫిక్స్ కార్డైతే మానిటరు కేబులును దానికే తగిలించాలి.

ఇక అతి ముఖ్యమైన నియమం: ఒక్కసారికి ఒక్క కార్డే. మొదటిది అమర్చి, డ్రైవర్ వేసి, పనిచేస్తున్నదని నిర్ధారించుకొన్న తరువాతనే రెండవది చేర్చాలి. మూడింటినీ ఒకేసారి పెట్టినప్పుడు తెర వెలగకపోతే దోషం దేనిదో తెలియదు. విడివిడిగా పెడితే, చివరి కార్డును తీసి చూడగానే తెలిసిపోతుంది. దుకాణదారుకు దోషాన్ని చూపి మార్పించుకోవడానికి ఈ పరీక్షయే ఆధారం. కనుక బిల్లును భద్రంగా ఉంచుకోవాలి.

తొలగించిన పాత కార్డులను ఇంటి చెత్తలో కలపక, ఇ-వ్యర్థాల సేకరణకు అప్పగించాలి.

అభ్యాసం

1. మీ ఎస్‌ఎంపిఎస్ మీది చీటీలో ఎన్ని వాట్లని రాసి ఉన్నది?
2. గ్రాఫిక్స్ కార్డు పెట్టిన తరువాత మీ యంత్రంలో ఎన్ని స్లాట్లు మిగులుతాయి?
3. మీ ఇంటి సాకెట్టుకు ఎర్తింగ్ ఉన్నదా?

ఈ మూడింటికి సమాధానం దొరికిన తరువాతనే దుకాణానికి వెళ్లండి.